లేని సుష్మకు వచ్చిన చీర

గ్లోరీ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా జహీరాబాద్‌లో ఆమెను టీచర్ అని పిలిచే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. బస్టాండు వెనక సందులో, ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్లు వేసుకుని ఏళ్ల తరబడి జాకెట్లు కుడుతూ, కుట్టడం నేర్పుతూ వచ్చింది. న్యాల్‌కల్ వైపు నుంచి, ఝరాసంగం వైపు నుంచి ఆడపిల్లలు షేర్ ఆటోల్లో వచ్చి ఆమె దగ్గర కూర్చునేవారు. మొదట హుక్కులు, కాజాలు. తర్వాత అస్తరు వేయడం. ఆ తర్వాత చేతులు. మెడ మాత్రం అంత తొందరగా నేర్పేది కాదు.

మెడ కత్తిరించడంలో గ్లోరీకి తనదైన పద్ధతి ఉంది. ఆమె కుట్టిన జాకెట్టు ఎంత లోతు మెడైనా భుజం మీంచి జారేది కాదు, ముందు ఉబ్బేది కాదు. పెళ్లిజాకెట్లు ఆమె దగ్గరికే వచ్చేవి. అందుకే మెడ కత్తిరించే వేళకు పిల్లల్ని "జర బయటికి పోయి చాయ్ తాగి రాండ్రి" అని పంపేసేది. వాళ్లు తిరిగి వచ్చేసరికి ముక్క కత్తిరించి, మడిచి పెట్టి ఉండేది. ఏ పిల్ల ఎక్కువకాలం ఉంటుందో, ఎవరి మీద మనసు కుదురుతుందో వాళ్లకే ఆ పద్ధతి నేర్పేది. అట్లా నేర్చుకున్న కొద్దిమందిలో త్రివేణి ఒకతె.

త్రివేణిది న్యాల్‌కల్ దగ్గరి పల్లె. పెళ్లయ్యాక జహీరాబాద్‌లోనే కాపురం పెట్టింది. ఒకనాడు స్వీటు డబ్బా పట్టుకుని గ్లోరీ ఇంటికి వచ్చింది.

"టీచర్, యూట్యూబ్‌ల కుట్టుడు వీడియోలు పెడుతున్న. బయటికి వచ్చి నేర్చుకోలేని ఆడోళ్లు మస్తుమంది ఉన్నరు గద, ఇంట్ల కూసోనే నేర్చుకుంటరు. మొదటి వీడియోల మీ పేరు చెప్పి మొదలువెడత."

గ్లోరీ మిషను ఆపలేదు. "నా పేరెందుకు బిడ్డా? ఫోన్ల నాటకాలు నాకు పడయి. నా పేరు ఎక్కడా రావద్దు."

"అట్ల గాదు టీచర్..."

"రావద్దన్న."

త్రివేణి తల ఊపి వెళ్లిపోయింది. గ్లోరీకి ఆ మాట మళ్లీ గుర్తుకు కూడా రాలేదు, పక్కింటి కులసుం ఫోను పట్టుకుని వచ్చేదాకా. కులసుం గ్లోరీ దగ్గర హుక్కులు కుట్టే పని చేస్తుంది. ఆ రోజు గడప దాటుతూనే ఫోను ముందుకు చాపింది.

"ఆపా, జర గిది చూడు. మన త్రివేణి! ఎంత మంచిగ చెప్తున్నదో!"

తెరమీద త్రివేణి బట్ట పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర ఎట్లా తిప్పాలో నెమ్మదిగా చూపిస్తోంది. మెడ. గ్లోరీ పిల్లల్ని బయటికి పంపి కత్తిరించుకున్న మెడ. భుజం దగ్గర ఎంత వదలాలో, ఎక్కడ కత్తెర వాల్చాలో, ఎందుకు వాల్చాలో, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. చివర్న నవ్వుతూ, "అర్థం గాకపోతే కింద అడగండి అక్కా, ఎన్నిసార్లైనా చెప్త" అంది.

గ్లోరీ ఫోను తిరిగి ఇచ్చేసింది. హుక్కులు కుట్టాల్సిన జాకెట్లు కులసుం ముందు పడేసింది.

ఆ తర్వాత ఎటు పోయినా త్రివేణే. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు మెట్ల దగ్గర నిలబడి ఆమె వీడియోల గురించే చెప్పుకునేవారు. కూరగాయల దుకాణంలో ఒకామె, తను వేసుకున్న జాకెట్టు తానే కుట్టుకున్నానని, త్రివేణి అక్క పుణ్యమని భుజం తిప్పి చూపించింది. గ్లోరీ కళ్లు ఆ మెడ మీదికి పోయాయి. ఎక్కడైనా వంకర దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు.

గ్లోరీ భర్త యాకోబు ట్రాక్టర్ల కంపెనీలో పని చేస్తాడు. అన్నం తింటూ ఫోను చూడటం అతని అలవాటు. ఒకరోజు ఆ ఫోన్లోంచి కూడా త్రివేణి గొంతే వినిపించింది.

"మంచిగ చెప్తది పిల్ల. మస్తు ఓపిక" అన్నాడు.

"నాకు లేదా ఓపిక?"

"నేనన్ననా గామాట?"

"మరి ఆమెకున్నదని నాకెందుకు చెప్తున్నవ్?"

యాకోబు ఫోను బోర్లించి అన్నం కలుపుకున్నాడు.

గ్లోరీ అందరి ముందూ ఆ వీడియోలు చూడనని చెప్పేది. చాటుగా మాత్రం ఒక్కటీ వదలకుండా చూసేది. తప్పులు వెతకడానికే చూస్తున్నానని తనకు తాను చెప్పుకునేది. నిజానికి ఆమె చూపు తెర మీద బట్ట కన్నా కింద రాసిన మాటల మీదే ఎక్కువగా నిలిచేది. 'అక్కా, మీ చేతులు చల్లగుండ.' 'మా ఊళ్ల మిషను సెంటర్ లేదు, మీ వల్లనే నేర్చుకున్న.' 'మా పాపకు మీ పేరు పెట్టుకుంటం.' ఇన్నేళ్లలో తన దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఒక్కతె అయినా ఇట్లాంటి మాట అన్నదా అని తలుచుకునేది. ఎవరూ గుర్తుకు రాలేదు. తను ఇన్నాళ్లు పదిలంగా దాచుకున్నదాన్ని త్రివేణి సంతలో బెల్లం పంచినట్టు పంచేసింది. దాచుకున్నామెకు ఏమీ మిగల్లేదు. పంచినామెకు ఇంత ప్రేమ దక్కింది. గ్లోరీకి కడుపులో మండింది ఇక్కడే. త్రివేణి తన పేరు చెప్పకపోవడం కూడా గుచ్చింది. చెప్పొద్దన్నది తనేనన్న సంగతి ఆ గుచ్చుడును ఇంకా పెంచింది తప్ప తగ్గించలేదు.

ఇంట్లో యాకోబు వాడి పక్కన పెట్టిన పాత ఫోను ఒకటి ఉంది. గ్యాసు బుక్ చేయడానికి వాడే సిమ్ము అందులో ఉండేది. ఆ నంబరు బయట ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం కులసుం నమాజు చేసుకోవడానికి ఇంటికి వెళ్లినప్పుడు గ్లోరీ ఆ ఫోనులో కొత్త ఖాతా తెరిచింది. బొమ్మగా పొద్దుతిరుగుడు పువ్వు పెట్టింది. పేరు దగ్గర కాసేపు ఆగి 'సుష్మ' అని కొట్టింది. మెడ వీడియో కింద ఇలా రాసింది: 'మీరు చెప్పినట్టే కోసిన. జాకెట్ భుజం మీద నిలుస్తలేదు. రానిదానివి ఎందుకు నేర్పుతవ్?'

కాసేపటికే ఎవరెవరో సుష్మను కసిరారు. 'అక్క ఫుకట్‌గ నేర్పుతుంటే నీకేం రోగం?' అని ఒకామె అడిగింది. గ్లోరీకి కావలసింది ఆ గొడవే. కానీ త్రివేణి వచ్చి ఆ గొడవను ఆపేసింది. 'ఆమెను ఏమనకండి. బట్ట ఖరాబైతే మనసుకు ఎట్లుంటదో నాకెరుక. చెల్లె, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పు, ఇద్దరం కలిసి చూద్దాం.'

ఆ మంచితనం గ్లోరీకి ఇంకా మంట పెట్టింది. అందరూ చూస్తున్నారని మంచితనం నటిస్తోందనుకుంది. ఆ కోపంలోనే పెద్ద అబద్ధం రాసింది. సుష్మది ఝరాసంగం దగ్గర పల్లె. తల్లి చనిపోతూ ఇచ్చిన పట్టుచీర ఉంది. దాని జాకెట్టు ముక్కను ఈ వీడియో చూసి కత్తిరించి పాడు చేసింది. అత్త కోపంతో చీరను కూడా పొయ్యిలో వేసింది. 'మా అమ్మ గుర్తు అదొక్కటే ఉండె. అది గూడ పాయె' అని ముగించింది. త్రివేణికి ఇక జవాబుండదని అనుకుంది. ఇంత ఘోరం జరిగాక జనం ఆమెనే నిలదీస్తారని అనుకుంది.

జనం త్రివేణిని నిలదీయలేదు. వాళ్లు సుష్మ చుట్టూ చేరారు. గుంటూరు నుంచి ఒకామె, షోలాపూర్‌లో స్థిరపడిన ఒకామె, మస్కట్‌లో వంటపని చేసుకునే ఒకామె. తల్లిని పోగొట్టుకున్నవాళ్లు తమ కథలు రాశారు. అత్తలతో కష్టాలు పడ్డవాళ్లు ధైర్యం చెప్పారు. త్రివేణి ఆ మాటను అందరికీ కనిపించేలా పైన పెట్టి, 'చెల్లె, నా వీడియో వల్లనే నీకు గిట్లయింది. తప్పు నాదే' అని రాసింది. రెండు రోజుల్లో తప్పు కత్తిరించిన మెడను ఎట్లా బాగుచేయాలో ఒక వీడియో చేసి, అది సుష్మ కోసమేనని చెప్పింది. గ్లోరీ దాన్ని ఆపి ఆపి చూసింది. పాడైన మెడ కింద పట్టీ వేసి, దాన్నే అందంగా కనిపించేలా మలిచింది త్రివేణి. ఆ పని గ్లోరీ నేర్పినది కాదు. గ్లోరీకి వచ్చినదీ కాదు.

త్రివేణికి నేర్చుకునే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. సుష్మను అందులో చేరమన్నారు. చేరకపోతే అనుమానం వస్తుందని గ్లోరీ ఆ గ్యాసు నంబరుతోనే చేరింది. గొంతు గుర్తుపడతారన్న భయంతో మాట్లాడకుండా రాస్తూ ఉండేది. పొద్దున్నే 'సుష్మ తిన్నవా?' అని అడిగేవారు. ఒకరోజు జవాబివ్వకపోతే 'పిల్ల ఎట్లున్నదో' అని కంగారు పడేవారు.

అదే వారం గ్లోరీకి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలుతుంటే గోడవైపు తిరిగి పడుకుంది. కులసుం కిచిడీ చేసి తెచ్చి, తలగడ పక్కన పెట్టి, నుదుటి మీద చేయి వేసి చూసింది.

"దవాఖానకు పోదామా ఆపా? ఆటో పిలుస్త."

"వద్దు. నువ్వు పో, నీకు పనుంటది."

కులసుం వెళ్లగానే గ్లోరీ పాత ఫోను తీసింది. సుష్మ పేరు మీద వాయిస్ మెసేజులు వరసగా వచ్చి ఉన్నాయి. ఒకామె సుష్మ కోసం ఉపవాసం ఉందట. ఇంకొకామె పాట పాడి పంపింది. గ్లోరీకి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఇన్ని మాటల్లో ఒక్కటైనా తనకు వచ్చింది కాదు. తను జ్వరంతో మూలుగుతుంటే, పుట్టనే పుట్టని ఒక ఆడమనిషి కోసం దేశం దాటి పోయినవాళ్లు కూడా ఏడుస్తున్నారు. త్రివేణి మీద ఉన్న కుళ్లు అప్పటిదాకా అర్థమయ్యే కుళ్లు. ఇప్పుడు సుష్మ మీద పుట్టింది. దానికి ముందూ వెనకా లేవు. కిచిడీ చల్లారిపోయింది.

ఆ గ్రూపులో బస్వమ్మ అనే పెద్దామె ఉండేది. పుట్టిల్లు న్యాల్‌కల్ దగ్గర, మెట్టినిల్లు బీదర్ పక్క పల్లె. రాయడం రాదు కనుక గొంతే పంపేది. ఒకరోజు ఆమె గొంతు ఇట్లా వచ్చింది:

"సుష్మ బిడ్డా, నేను బస్వమ్మను. మా అమ్మ చీర నా దగ్గరున్నది, కుంకుమ రంగు పట్టు. పెట్టెల పెట్టుకొని ఎన్నేండ్లాయెనో. నాకు కట్టుకునే వయసు పాయె. అమ్మ చీర లేకుంట ఆడపిల్ల ఉండొద్దు బిడ్డా. నీకిస్త. మా కొడుకు అల్లం లారీతోని జహీరాబాద్ వస్తడు, త్రివేణమ్మ ఇంట్ల ఇచ్చిపోతడు."

గ్లోరీ గబగబా 'వద్దు అమ్మా, మీ అమ్మ గుర్తు నాకొద్దు' అని రాసింది. అలా వద్దన్నందుకు గ్రూపంతా సుష్మను ఇంకా మెచ్చుకుంది. కొద్దిరోజులకే త్రివేణి చీర ఫొటో పెట్టింది. 'సుష్మా, నీ చీర మా ఇంటికొచ్చింది. నువ్వొస్తవా, నన్నే తెచ్చియ్యమంటవా?'

గ్లోరీ పాత ఫోనులోంచి సిమ్ము తీసి బియ్యం డబ్బాలో పడేసింది. అంతటితో సుష్మ మాయమైపోతుందని, నాలుగు రోజులకు అందరూ మరిచిపోతారని అనుకుంది.

మరిచిపోలేదు. చీర సంగతి తెలిసి అత్త పిల్లను ఏమైనా చేసిందేమోనని గ్రూపులో భయం మొదలైంది. మస్కట్ ఆమె ఫేస్‌బుక్‌లో పెట్టింది: ఝరాసంగం దగ్గర సుష్మ అనే కోడలు కనబడుట లేదు, తెలిసినవాళ్లు చెప్పండి. అది ఎక్కడెక్కడికో పాకింది. చివరికి ఒక ఉదయం త్రివేణి గ్లోరీ గుమ్మం ముందు నిలబడింది. నిద్రలేక కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"టీచర్, మీరే నాకు సాయం చెయ్యాలె. ఝరాసంగం దిక్కు కుట్టు నేర్చుకున్న పిల్లలంత మీకెరుకే గద. సుష్మ అని ఒక పిల్ల... నా వీడియో చూసే బట్ట ఖరాబ్ జేసుకున్నది. గా పిల్లకు ఏమన్నైతే నేను బతికుండి ఏం లాభం టీచర్?"

మిషను మీద ఉన్న కులసుం లేచి నిలబడింది. "పో ఆపా, పోయి చూసి రా. పాపం."

కాదనడానికి గ్లోరీకి కారణం దొరకలేదు. ఇద్దరూ షేర్ ఆటోలో వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. త్రివేణి ఒళ్లో చీర ఉన్న సంచి. ఆటోలో ఎదురుగా కూర్చున్న అమ్మాయి త్రివేణిని గుర్తుపట్టింది.

"అక్కా, మీరు వీడియోల అక్కనే గదా! ఒక సెల్ఫీ దిగుదాం అక్కా."

ఆ అమ్మాయి ఫోను గ్లోరీ చేతిలో పెట్టింది. "ఆంటీ, జర తీస్తరా?"

గ్లోరీ తీసింది. తను కల్పించిన మనిషిని వెతకడానికి పోతూ కూడా, ఆ ఫొటోలో తను లేనందుకు ఆమె మనసు చివుక్కుమంది. ఇంత జరిగినా ఇంకా ఇదేనా అని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ చివుక్కు పోలేదు.

ఝరాసంగం దగ్గరి ఒక పల్లెలో దిగి ఇంటింటికీ పోయి అడిగారు. త్రివేణి వచ్చిందంటే ఆడవాళ్లు పత్తిచేను పని వదిలి వచ్చి చుట్టూ చేరారు. సుష్మ పేరు ఎవరికీ తెలియదు. ఒకామె మాత్రం గొంతు తగ్గించి, "సుష్మ గాదు గని, ఫోన్ల చూసి మిషను నేర్చుకున్న కోడలొకతి ఉన్నది. పూజ. అత్త మస్తు గయ్యాళి. వారమాయె, పిల్ల కనవడుతలేదు" అంది.

అత్తకు భయపడి పేరు మార్చి రాసి ఉంటుందనుకుంది త్రివేణి. ఆ ఇంటి ముందు ముసలామె జొన్నలు చెరుగుతోంది. గుంపును చూసి చాట కింద పెట్టింది.

"మీ కోడలు ఏది?" అని అడిగింది త్రివేణి.

"పుట్టింటికి పోయింది. నీకెందుకు?"

"ఫోన్ చేసి ఇయ్యి, మాట్లాడుత."

"కోడలి ఫోన్ కోడలి దగ్గరున్నది, నా దగ్గరేడిది? ఎవలు నువ్వు?"

"చీర కాలబెట్టినవా లేదా?"

"ఏం చీర? ఎవలి చీర?" ముసలామె లేచి నిలబడింది. వెనక ఉన్నవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఒకడు ఫోను ఎత్తి వీడియో తీయసాగాడు. ఇన్నేళ్లు పక్కపక్కనే బతికినవాళ్లు ఆ ఇంటి పొయ్యి వైపు తొంగిచూస్తున్నారు. ముసలామె అందరి ముఖాలూ చూస్తూ, "నా కోడల్ని నేను జంపుకుంటనా? మీకు నోరెట్లొచ్చింది?" అంటూ గడప మీద కూలబడింది.

త్రివేణి పోలీసులకు ఫోన్ చేయడానికి ఫోను తీసింది. గ్లోరీ ఆ చేయి పట్టుకుంది.

"చెయ్యకు."

"ఎందుకు టీచర్?"

"సుష్మ లేదు త్రివేణీ. నేనే సుష్మను."

త్రివేణికి అర్థం కాలేదు. నవ్వబోయి గ్లోరీ ముఖం చూసి ఆగింది.

"గా కథంత నేనే రాసిన. నీ పేరు ఖరాబ్ చెయ్యాలని. చీర లేదు, అత్త లేదు. ఈ ముసలామె ఏం చెయ్యలే." వీడియో తీస్తున్న మనిషి ఫోను ఇటు తిప్పాడు. గ్లోరీ ముఖం దాచుకోలేదు.

త్రివేణి గ్లోరీ వైపు చూడకుండా వెళ్లి, ముసలామె ముందు కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని క్షమాపణ అడిగింది. ముసలామె చేతులు విడిపించుకుని చాటతో లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఇద్దరూ ఆటోలో జహీరాబాద్ తిరిగి వచ్చారు. బస్టాండు దగ్గర దిగాక త్రివేణి అంది:

"నన్ను తిట్టాల్నంటే ఇంటికి పిలిచి తిడితే అయిపోవు గద టీచర్. వచ్చి కూసొని తిట్టిచ్చుకుంటుంటి. గిన్ని మందిని ఎందుకు ఏడిపిచ్చిన్రు?"

త్రివేణి సంచిలో చీరను ఒకసారి సర్దింది.

"గ్రూపుల మీరే చెప్పాలె. మీ పేరు మీదనే. చీర గూడ మీరే ఇచ్చి రావాలె." సంచి ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గ్లోరీ తన సొంత నంబరుతో గ్రూపులో చేరి, తన గొంతుతో జరిగింది చెప్పింది. ఎందుకు చేశావని అడిగితే, "ఓర్వలేక" అంది. తిట్లు వచ్చాయి. వాటికి ఆమె సిద్ధపడే ఉంది. మస్కట్ ఆమె తిట్టలేదు. 'ఇక ఏ పిల్ల నిజంగ ఏడ్చినా నేను నమ్మ' అని రాసి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకొందరు వెళ్లిపోయారు. గ్లోరీకి తిట్లకన్నా అదే ఎక్కువ తగిలింది. కులసుం రెండు రోజులు పనికి రాలేదు. మూడోనాడు వచ్చి తన చోట కూర్చుని హుక్కుల డబ్బా తెరిచి, "నాకు చెప్తే నేను ఆపుతుంటి గద ఆపా" అంది. అంతకుమించి అడగలేదు.

యాకోబు అంతా విని, కంచం కడిగి బోర్లించి, "రేపు సెలవు పెడత. చీర ఇచ్చొద్దాం" అన్నాడు.

బస్వమ్మ ఇల్లు బీదర్ పక్క పల్లెలో, అల్లం తోట అంచున ఉంది. యాకోబు బండి దగ్గరే నిలబడ్డాడు. గ్లోరీ ఒక్కతే లోపలికి పోయి, చీర సంచిని ఆమె ముందు పెట్టి, తనెవరో చెప్పింది. బస్వమ్మ చీర తీసి, మడత మడతా విప్పి, కొంగు దాకా చూసుకుని, మళ్లీ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు చేసింది మంచి పని గాదు" అంది చివరికి.

"గాదమ్మా."

"గా ముసలామె దగ్గరికి మళ్ల పోయినవా?"

"పోయిన. తలుపు తీయలే. మళ్ల పోత."

బస్వమ్మ చీర అంచు వేళ్ల మధ్య నలిపింది. తర్వాత గొంతు తగ్గించింది, పెరట్లో ఉన్న తన కోడలికి వినపడకుండా.

"ఒక మాట జెప్త, ఎవలకు చెప్పకు. చీర లారీల ఎక్కిచ్చిన కాడికెళ్లి నాకు పానం కొట్టుకున్నది. ఎందుకిస్తినా అనిపిచ్చింది. అందరు మంచిదానివి బస్వమ్మా అన్నరు, నేను లోపట లోపట ఏడ్చిన. మా అమ్మ చీర ఎవలో పిల్ల కట్టుకుంటదని గా సుష్మ మీద మస్తు కుళ్లుకున్న."

గ్లోరీ తల ఎత్తి చూసింది. "నేను గూడ" అంది.

"నువ్వెందుకు? నువ్వే గద సుష్మవు?"

"నేను గాదు గదమ్మా. అందరు అడిగింది సుష్మను. నన్ను గాదు."

బస్వమ్మ ఆ మాట గురించి ఆలోచించింది. "ఎట్లుంటదనుకున్నవ్ నువ్వు? సుష్మ."

"సన్నగుంటది. గట్టిగ మాట్లాడదు. ఏది ఇచ్చినా వద్దంటది."

"నేను గూడ గట్లనే అనుకున్న" అంది బస్వమ్మ. చీర పట్టుకుని లేచి, బయట ఎండలో నిలబడ్డ మనిషిని లోపలికి పిలవమని చెప్పి, చాయ్ పెట్టడానికి పోయింది.

గ్లోరీ ఇప్పటికీ ముందుగదిలో జాకెట్లు కుడుతూనే ఉంది. మూడోసారి పోయినప్పుడు పూజ అత్త తలుపు తీసింది కానీ కూర్చోమనలేదు. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన పూజ వెనక నిలబడి చూసింది. త్రివేణి బజారులో ఎదురైతే "బాగున్నరా టీచర్" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోతుంది. ఆమె చానలు ఇంకా పెరిగింది. సుష్మ కోసం చేసిన వీడియోనే అన్నిటికన్నా ఎక్కువమంది చూస్తున్నారు. ఆ సంగతి ఎవరైనా చెప్పినప్పుడు గ్లోరీ కడుపులో పాత మంట లేస్తుంది. లేవట్లేదని ఆమె ఎవరితోనూ అబద్ధం చెప్పదు.

ఈమధ్య ఆ వీడియోల కింద, చేతులు కుట్టేటప్పుడు చంక దగ్గర ముడతలు ఎందుకు వస్తున్నాయని ఎవరో అడిగారు. త్రివేణి చూసినట్టు లేదు. గ్లోరీ తన పేరుతోనే, తన ఫొటోతోనే జవాబు రాసింది. మరునాడు ఆ అడిగినామే మళ్లీ రాసింది: 'అర్థం కాలే ఆంటీ, ఇంకోసారి చెప్తరా?' గ్లోరీకి చిరాకేసింది. అంత విడమరిచి చెప్పినా అర్థం కాకపోవడమేమిటని కులసుంతో అంది. కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది.